పుస్తకంలో లేని పని

మంచుకాలం, 9వ రోజు

ఈ పుస్తకంలో కొలతలు, చేసిన పనులు తప్ప ఇంకేమీ రాయకూడదని అట్ట లోపల అచ్చువేసి ఉంది. మొదటి పేజీలోనే తప్పుతున్నాను. కొలతలు మొదలయ్యేది రేపు. అంతవరకూ నా చేతులు ఊరుకోవు.

పొద్దుటి నుంచి మూడుసార్లు పెట్టె సర్దాను, మూడుసార్లు విప్పాను. తీర కేంద్రానికి పోయే బండి ముప్పయ్యో రోజున వస్తుంది. సముద్రాన్ని తాగేనీరుగా మార్చే చోటు అది. ఉద్యోగాల జాబితాలో నాది నాలుగో పేరు. ఎం.ఎస్సీ. పూర్తయి రెండేళ్ళుగా ఈ నల్లగుట్టలో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని, ఇంకో ఇరవై ఒక్క రోజులు కూర్చోలేనా? లేనట్టే ఉంది.

మిగిలింది ఒక్క పని. బడిలో సైన్సు పోటీకి తిరగచేత.

పిల్లలు నన్ను ‘మళ్ళీ మేడం’ అంటారు, నేను వినడం లేదనుకున్నప్పుడు. తప్పేం లేదు, పని అదే. పిల్లలు చేసిన ప్రయోగాన్ని వాళ్ళ నోట్సు చూసి నేను మళ్ళీ చేయాలి. నోట్సులో ఉన్నది చేయాలి, లేనిది చేయకూడదు. వాళ్ళను అడగకూడదు, వాళ్ళు చెప్పకూడదు. నా అంకెలు వాళ్ళ అంకెలతో పదోవంతు అటూఇటూగా కలిస్తే ప్రయోగం నిలిచినట్టు. మూడు అవకాశాలు. యంత్రాల అంచనాలు నమ్మి రెండు ఊళ్ళు ఎండబెట్టుకున్నాక మా పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. పరాయి చేతుల్లో నిలిచిందే నిజం. అలా గెలిచిన ప్రయోగం ఊరికి నియమం అవుతుంది. చేసిన పిల్లకి కాలేజీ సీటు వస్తుంది.

పదకొండేళ్ళ కిందట ఆ సీటు నాది. బడి వరండాలో నా ఫోటో ఇంకా ఉంది. రెండు జడలు, చేతిలో వల, నూనె రాసుకున్న మొహం. కింద పెద్ద అక్షరాలతో: ‘కడిగిన వలకే మంచు దిగుతుంది.’ అప్పటినుంచీ ప్రతి ఇల్లూ సాయంత్రం గుట్టమీది తన మంచువలను దించి, రెండు చెంబుల నీళ్ళతో కడిగి, మళ్ళీ కట్టాల్సిందే. పగలంతా పడిన దుమ్ము పోతేనే రాత్రి మంచు వలకి పట్టి, చుక్కలై, కింది డబ్బాలోకి జారుతుంది. ఊరు తాగేది ఆ నీళ్ళే.

ఈ ఏడు చివరిదాకా వచ్చినవాటిలో తిరగచేయాల్సింది ఒక్కటే మిగిలింది. పదో తరగతి వన్నూరమ్మది. పేరు: ‘వల కడిగినా కడగకపోయినా ఒకటే.’

చదివి నవ్వాను. అది నా మీదికే వచ్చిన ప్రయోగమని తెలిశాక నవ్వు ఆగింది.

హెడ్మాస్టరు ఓబులేసు సారు గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నారు. నాకూ పాఠం చెప్పిన మనిషే. "ఇంగొకరిని పిలిపించేదామ్మా? ఆ పిల్ల నీ కొంపకే నిప్పు పెడతాండాది."

"ఎందుకు సార్? నిజమైతే నిలుస్తుంది, లేకపోతే పోతుంది."

"అంతే అంతే. మాట బాగుంది. ముఖమే బాగలేదు."

10వ రోజు

వన్నూరమ్మ నోట్సు మళ్ళీ చదివాను. అక్షరాలు గొర్రెల మందలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి, కానీ ఒక్కటీ తప్పిపోలేదు. ‘ఒకే కొలత వలలు రెండు. పడమటి గుట్టమీద పక్కపక్కన కట్టాలి. పొద్దు గూకక ముందు రెండూ దించాలి. మొదటిదాన్ని రెండు చెంబులతో కడగాలి. రెండోదాన్ని కడగకూడదు. రెండూ తిరిగి కట్టాలి. తెల్లవారి నీళ్ళు కొలవాలి. ఇట్లా నాలుగు దినాలు.’ ఆమెకి వచ్చిన సగటు: కడిగిన వలకి 6.1 లీటర్లు, కడగని వలకి 6.0.

చివర్లో ఒక వాక్యం ఉంది, ప్రయోగానికి సంబంధం లేనిది. ‘మాయమ్మ సుంకమ్మ బడి వలలు దినానికి అరవై కడుగుతుంది. ఆ నీళ్ళు మా వీధికి ఒక పూట తాగను వస్తాయి.’

నాకు తెలిసిన ఇంకో సంగతి నోట్సులో లేదు. పదో తరగతి దాటితే పోటీ లేదు. ఈ పిల్ల ఇప్పుడు గెలవకపోతే వచ్చే నెలనుంచి అమ్మ పక్కన నిలబడి వలలు కడుగుతుంది.

సాయంత్రం గుట్ట ఎక్కాను. సాక్షిగా సారు వచ్చి, రాయి మీద తుండుగుడ్డ పరచుకుని కూర్చున్నారు. యాభై అడుగుల దూరంలో సున్నపు గీత. దాని అవతల వన్నూరమ్మ. చూడొచ్చు, నోరు విప్పకూడదు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది.

మొదటి వల కడిగి కట్టాను. సారు ఉలిక్కిపడి లేచారు.

"ఏమ్మా, తీర్థం చల్లినావే! ఉతికిన చొక్కా ఇది."

"చల్లగా ఉందా సార్?"

"పుణ్యం వస్తే సరే."

రెండోది కడగకుండా కట్టాను. గీత అవతల ఆ పిల్ల చేతులు ఒళ్ళో రెండుసార్లు ఎగిరిపడ్డాయి, ఈగల్ని తోలుకున్నట్టు. గుట్టమీద ఈగలు లేవు.

14వ రోజు

నాలుగు రోజుల సగటు. కడిగింది: 6.1. కడగనిది: 4.2.

నిలవలేదు. మొదటి అవకాశం పోయింది.

సంతోషం వేసింది. దాన్ని ఇక్కడ రాసిపెడుతున్నాను. రాయకపోతే ఏదో మూలకి పోయి దాక్కుని, న్యాయంలాగా వేషం వేసుకుని వస్తుంది.

19వ రోజు

రెండోసారి. కడిగింది: 6.0. కడగనిది: 4.1.

ఈసారి సారు గొడుగు తెచ్చుకున్నారు. నేను మొదటి వల ఎత్తగానే టపామని తెరుస్తారు, పని కాగానే మూస్తారు. రెండో వలకి తెరవరు. ఆ పిల్ల చేతులు మాత్రం రెండో వలకే ఎగురుతున్నాయి. నాలుగు సాయంత్రాలూ అంతే.

దిగి వస్తుంటే సారు గొంతు తగ్గించి అడిగారు. "అంకెలు వండిందంటావా?"

"నోట్సులో కొట్టివేతలున్నాయి సార్. 5.8ని కొట్టి 5.9 చేసి, మళ్ళీ 5.8 రాసింది. వండేవాళ్ళకి అంత బాధ ఎందుకు?"

"మరి ఆ పిల్ల చేతిలో ఆరు వచ్చేది, నీ చేతిలో నాలుగేంది? నీ చెయ్యంటే మంచుకి పడదా?"

అన్నం ముందు కూర్చుని లేచాను. పెట్టె సర్దాను. సంతోషం మొన్నటంత లేదు. చొక్కాలోపల ఎక్కడో చీమ దూరినట్టుంది. నా చేతుల్లో ఏదో ఉంది, లేకపోతే ఆమె చేతుల్లో. నోట్సులో మాత్రం లేదు.

20వ రోజు

కాళ్ళు నిలవక, పోటీదారు ఇంటికి పోకూడదన్న నియమం ఎక్కడా లేదు కదా అని గొంగళ్ళ వీధికి పోయాను. మాట్లాడకూడదు, అంతే.

సుంకమ్మ వాకిట్లో శనగాకు గిల్లుతోంది. నీళ్ళలో నాని నాని చేతులు తెల్లగా, పగుళ్ళు తేలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది.

"కూకోండి మేడం. మా పాపని పలకరించేరు, మాట్లాడదు. రూల్ అంట. నోరు జారుతాదని పొద్దుగూకులూ చింతకాయ బుగ్గన పెట్టుకోని తిరుగుతాంది. పండ్లు పులిసిపోయినాయి."

లోపలినుంచి వన్నూరమ్మ తొంగి చూసింది. బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరం వేరే వైపులు చూశాం.

అప్పుడే వాళ్ళ నాయన మందతో వచ్చాడు. భుజం మీది గొంగడి తీసి కూతురికి విసిరాడు. ఆ పిల్ల అందుకుంది. రెండు కొసలు పట్టుకుంది. ఫట్. ఫట్. ఎండపొడలో దుమ్ము లేచి పక్కకి పోయింది. మడతపెట్టి దండెం మీద వేసింది. అటువైపు చూడను కూడా లేదు. చేతులు వాటంతట అవే చేశాయి. ఒళ్ళో ఎగిరిన చేతులు అవే.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఏ గుడ్డనైనా ఇట్లాగే దులుపుతారా?"

సుంకమ్మ నన్ను జాలిగా చూసింది, ఎంత చదివినా ఇంతేనా అన్నట్టు. "దులపకుండా యాడన్నా ఏస్తారా మేడం? ఎవురైనా అంతే కదా."

ఎవరైనా అంతే. తన వలలు రెండూ దులిపి కట్టినా, అందుకే ఆ పిల్ల రాయలేదు. ఊపిరి పీల్చానని ఎవరు రాస్తారు?

సగం దారిలో నిలబడిపోయాను. పొడి గుడ్డని దులపడం మా ఇంట్లో లేదు. తడి గుడ్డని నీళ్ళు చిమ్మేలా జాడించకుండా ఆరేసిన వాళ్ళని మాత్రం నేను పుట్టి ఎరగను. సారు చొక్కా. సారు గొడుగు. మొదటి వలని కడిగి, రెండు కొసలు పట్టి, ఎనిమిది సాయంత్రాలు జాడించాను. నోట్సులో లేని పని, రోజూ, సాక్షి మీదికే చిమ్ముతూ.

21వ రోజు

బడి బీరువాలోంచి పదకొండేళ్ళనాటి నా నోట్సు తీశాను. గుండ్రటి అక్షరాలు, రంగు పెన్సిలుతో గీతలు. ‘వలను రెండు చెంబుల నీటితో శుభ్రంగా కడిగి కట్టవలెను.’ జాడించవలెను అని లేదు. నాలుగుసార్లు వెతికాను. లేదు.

అప్పుడు నా ప్రయోగాన్ని తిరగచేసినాయన పొరుగూరి నుంచి వచ్చాడు. తెల్లటి మీసాలు. వల కట్టేటప్పుడు మీసాల మీద నీటి తుంపర్లు మెరవడం గుర్తుంది. అప్పుడు అందంగా అనిపించింది. ఆయన కూడా జాడించాడన్నమాట.

దుమ్ముని వదిలించింది నీళ్ళేనా, ఆ రెండు దెబ్బలా? దెబ్బలే అయితే, పదకొండేళ్ళుగా నాలుగొందల ఇళ్ళు సాయంత్రానికి రెండేసి చెంబులు ఎండు నేలమీద పోశాయి. నా ఫోటో కింది వాక్యాన్ని నమ్మి.

25వ రోజు

మూడో అవకాశం. ఉన్నది ఉన్నట్టు చేశాను. మొదటి వల కడిగాను. కొసలు పట్టుకోగానే భుజాలు వాటంతట అవే లేచాయి. బలవంతాన దించాను. నీళ్ళోడుతున్న వలని అలాగే కట్టాను. బురదనీళ్ళు వల కన్నాల్లో నిలిచి, గాలికి ఎండి, సన్నటి మట్టి పొరలై కూర్చున్నాయి. రెండోది కడగలేదు, దులపలేదు.

సారు గొడుగు తెరుచుకుని ఎదురుచూశారు. "ఈ పొద్దు తీర్థం లేదా?"

"లేదు సార్."

సగటు, ఈ ఉదయానికి: కడిగింది 4.0. కడగనిది 4.2.

సారు అంకెలు చూసి చప్పట్లు చరిచారు. "ఒకటే అనె. ఒకటే వచ్చె! నిలిచినట్టే కదా?"

"ఆమె రాసింది ఆరు సార్. అంకెలు కలవాలి."

"మరి మొదట రెండు తూర్లూ?"

"అవి చెల్లవు. నోట్సులో లేని పని చేశాను నేను. కొట్టేస్తున్నాను."

"కొట్టేస్తే ఆ పిల్లకి ఇంగో రెండు అవకాశాలు..."

"తిరగచేత చేసిన మనిషి తప్పుకి అవకాశం పెరగదు. పదహారో నియమం. మీరే నేర్పారు."

సారు గొడుగు మూసి నేలమీద పొడిచారు. "నేర్పేటప్పుడు కొంచెం మరిచిపోయి నేర్పాల్సింది."

బోర్డు మీద రాసింది నేనే: ‘వన్నూరమ్మ, పదో తరగతి. నిలవలేదు.’ సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఆ పిల్ల వచ్చి చదివింది. బుగ్గలోంచి చింతకాయ తీసి చేతిలో పట్టుకుంది. ఇక మాట్లాడొచ్చు. చింతకాయని గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయింది.

27వ రోజు

రెండు రోజులుగా పుస్తకం వెనక అట్ట చదువుతున్నాను. ఇరవై రెండో నియమం, ఎవరూ వాడనిది. గెలిచినవాళ్ళు ఏ సంవత్సరమైనా తమ ప్రయోగానికి మళ్ళీ తిరగచేత కోరవచ్చు. ఒక్క అవకాశం. చేసేది బడిపిల్ల అయి ఉండాలి. నిలవకపోతే గెలిచిన పేరు పోతుంది, నియమం పోతుంది. తిరగచేసిన పిల్ల పేరు ఆ చోట రాస్తారు. సీటు ఆ పిల్లకి.

నాలాంటి పెద్దదాని మాట మీద ఊరి నియమం మారదు. పోటీలో లేచింది పోటీలోనే పడాలి.

సారుకి కాగితం ఇచ్చాను. చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"మూడు దినాల్లో బండి. నీ పేరు ఆ జాబితాలో నిలబడిండేది దేని మీద?"

"ఈ గెలుపు మీదే సార్."

"తెలుసు కదా. గమ్మున ఎక్కి పో. ఆడికి పోయినాక తీరికగా ఉత్తరం రాయి. మేం చూసుకుంటాం."

"అక్కడికి పోతే రాయను సార్. నా సంగతి నాకు తెలుసు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "తిరగచేసేదెవరు?"

"వన్నూరమ్మ."

"చెప్పేస్తివా ఆ పిల్లకి?"

"ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే చెల్లదు."

సారు మొహం మారింది. ఆయనకీ అర్థమైంది. గొంగళ్ళ వీధి పిల్ల. పుట్టినప్పటినుంచీ ప్రతి గుడ్డనీ దులిపిన చేతులు. అలవాటున వల జాడించిందంటే నా పాత అంకెలు నిలిచినట్టే. ఊరు ఇంకో పదకొండేళ్ళు నీళ్ళు పారబోస్తుంది. ఆమె పోయి అమ్మ పక్కన నిలబడుతుంది.

"జాడించిందంటే?"

"నాకు ఏమీ కాదు సార్. బండి ఎక్కి పోవచ్చు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని రుచి చాలాసేపు పోలేదు.

30వ రోజు

ఇప్పుడు సున్నపు గీత అవతల కూర్చునేది నేను. దారిలో సుంకమ్మ ఎదురై, ఏమీ అడక్కుండా నా అరచేతిలో ఒక చింతకాయ పెట్టింది. బుగ్గన పెట్టుకున్నాను.

వన్నూరమ్మ నా పాత నోట్సు రాయి మీద పరిచి, గాలికి ఎగరకుండా చెంబు పెట్టింది. చదివింది. వల దించింది. రెండు చెంబులు, పొదుపుగా, పైనుంచి కిందికి. అమ్మ చేతివాటం. సారు గొడుగు టపామని తెరిచారు.

ఆ పిల్ల వల కొసలు రెండూ పట్టుకుంది. మోచేతులు పైకి లేచాయి.

కింద రోడ్డు మీద తీర కేంద్రం బండి హారన్ కొట్టింది. ఒకసారి. ఇంకోసారి. నాలుగో పేరు కోసం మూడోసారి కూడా కొడతారు.

నేను నా చేతుల మీద కూర్చున్నాను. లేకపోతే అవి ఏం చేసేవో చెప్పలేను. పులుపుకి కళ్ళు నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆమె మోచేతులు గాల్లోనే ఆగాయి. వల వైపు చూసింది, తర్వాత నోట్సు వైపు. నీళ్ళోడుతున్న వలని చంకన పట్టుకుని, వంగి, కాలి బొటనవేలితో పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. వేలు ఒక వాక్యం మీద నిలిచింది.

"సార్," అంది. ఇరవై రోజుల తర్వాత ఆ గొంతు వినడం. "దులపమని లేదు సార్ ఇందులో."

సారు నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి, మూసుకున్నారు.

ఆమె నా వైపు తిరిగింది. నేను గుట్ట వైపు, ఆకాశం వైపు, నా చెప్పుల వైపు చూశాను. మూడో హారన్ వినపడింది. తర్వాత బండి పోయిన చప్పుడు.

వలని అలాగే, కారుతూనే, కట్టింది. సారు గొడుగు తెరిచే ఉంచారు. దానిమీద ఒక్క చుక్క పడలేదు.

34వ రోజు

కడిగిన వలకి 4.1. నా నోట్సులో ఉన్నది 6.2. నిలవలేదు.

ఫోటో నేనే దించాను. వెనక గోడ చతురస్రంగా తెల్లగా ఉంది. ‘కడిగిన వలకే మంచు దిగుతుంది’ అన్న అక్షరాలు మాత్రం నూనెరంగువి, గీకితే పోవడంలేదు. సారు ఒక తుండుగుడ్డ తెచ్చి ఇచ్చి, "నీళ్ళు వాడొద్దు" అన్నారు. ఇద్దరం నవ్వాం, ఎందుకో తెలియకుండానే ఎక్కువగా.

సాయంత్రం వన్నూరమ్మ గుమ్మంలో నిలబడింది.

"మేడం, ఇంగ మాట్లాడొచ్చా?"

"మాట్లాడు."

"మీరు నా కడగని వలని దులపకుండా కట్టినారు కదా. నేను గీత కాడ కూకోని చూస్తాంటిని. ఏందో తక్కువైనట్టు ఉండె. ఏందో తెలీలే."

"నువ్వు రాయలేదు."

"మీరూ రాయలే."

"రాయలేదు."

సీటు కాగితం ఆమె చేతిలో నాలుగు మడతలై ఉంది. ఇంకో చేతిలో కొత్త నోట్సు. ప్రయోగం పేరు ఇంకా పెట్టలేదు. మొదటి పేజీలో అవే తోసుకునే అక్షరాలు. ‘వల దించాలి. రెండు కొసలు పట్టుకోని రెండు తూర్లు దులపాలి.’

"కాలేజీకి పోయేలోపల ఇది తమ్ముళ్ళ తరగతికి ఇచ్చి పోతా," అంది. "మీరే తిరగచేయాల. యాడికీ పోరు కదా?"

పెట్టె ఇంకా సర్దే ఉంది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. నోట్సు అందుకుని వాక్యం మళ్ళీ చదివాను. మళ్ళీ.

"ఎంత గట్టిగా?"

"ఏంది మేడం?"

"దులపడం. ఎంత గట్టిగా? నీ అంతనా, నా అంతనా?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది, తర్వాత నా చేతుల వైపు. పొద్దు గూకడానికి ఇంకా గంట ఉంది. తలుపు వేయడం కూడా మరిచిపోయి ఇద్దరం గుట్ట ఎక్కాం.